కారుకి చింతపండు

“పో అవతలికి! వెలుతురుకి అడ్డం!”

శనివారం మధ్యాహ్నం. షెడ్డులో నల్ల కారు బానెట్ పైకి లేచి ఉంది. డ్రైవరు శౌరయ్య లోపలికి వంగి పని చేస్తున్నాడు. ఆయన మోచేతి పక్కనే నిలబడి మెడ సాచి చూస్తోంది కూతురు తెరేసమ్మ. ఆ కేక ఆ పిల్ల మీదే.

తెరేసమ్మ ఒక్కడుగు వెనక్కి వేసింది. ఒక్కటంటే ఒక్కటే.

ముందే చెబుతున్నాను, ఇది కోపాల కథ. ఇందులో శౌరయ్యకి కోపం. తెరేసమ్మకి కోపం. కారు కడిగే పుల్లయ్యకి కోపం. ఆఖరికి కారుగల డాక్టరమ్మ గారికీ కోపమే. కోపం వచ్చే పిల్లలు చెడ్డపిల్లలని ఎవరైనా అన్నారంటే, వాళ్ళ మీద నాకు ఒళ్ళు మండుతుంది.

అప్పుడు విజయవాడని అందరూ బెజవాడ అనేవాళ్ళు. రెండో ప్రపంచ యుద్ధం అయిపోయినా పెట్రోలు ఇంకా కూపన్ల మీదే ఇస్తున్నారు. డాక్టరమ్మ గారికి గవర్నర్‌పేటలో చిన్న ఆస్పత్రి ఉంది. ఆస్పత్రి వెనకాల కారు షెడ్డు, దాన్ని ఆనుకుని శౌరయ్య వాళ్ళ పెంకుటిల్లు.

“నాన్నా, ఆ నల్ల టోపీలాంటిది ఏంటి?”

“డిస్ట్రిబ్యూటర్.”

“అదేం చేస్తుంది?”

శౌరయ్య విసుక్కున్నాడు. కానీ కారు గురించి అడిగితే చెప్పకుండా ఉండలేడు.

“పెళ్ళిళ్ళలో బంతి వడ్డించే మనిషిని చూశావుగా? వరసగా నడుస్తూ ఒక్కో విస్తట్లో గరిటెడు వేస్తాడు. ఇదీ అంతే. ఇంజనులో నాలుగు ప్లగ్గులున్నాయి. ఈ డిస్ట్రిబ్యూటర్ వాటికి వంతు ప్రకారం కరెంటు వడ్డిస్తుంది. కరెంటు అందగానే ప్లగ్గులో నిప్పురవ్వ పుడుతుంది, పెట్రోలు భగ్గుమంటుంది. ఒక్క ప్లగ్గుకి అందకపోయినా బండి దగ్గుతుంది. దేనికీ అందకపోతే కదలనే కదలదు.”

ఆయన నల్ల టోపీకి అటూ ఇటూ ఉన్న స్ప్రింగు క్లిప్పులు తీశాడు. టక్, టక్. దాన్ని వెనక్కి తిప్పి పొడిగుడ్డతో తుడిచాడు. లోపల గుండ్రంగా, నాలుగు వైపులా నాలుగు చిన్న లోహపు ముక్కలు కనిపించాయి.

“ఇత్తడా నాన్నా అవి?”

“ఇత్తడే.”

“అంత నల్లగా ఉన్నాయేంటి? నేను తోమనా?”

అంతే, శౌరయ్యకి ఎక్కడలేని కోపం వచ్చింది.

“తోముతావా? ఇదేమన్నా చెంబనుకున్నావా? దీని జోలికొచ్చావంటే వేళ్ళు విరగ్గొడతా! వెళ్ళి గుడి స్టాండ్లు తోముకో, పో!”

కారు వెనక చక్రానికి అంటిన బురద గీకుతున్న పుల్లయ్య పకపకా నవ్వాడు.

“ఆడపిల్లవి, నీకెందుకే ఇంజన్ల గోల? ఎల్లి అంట్లు తోముకో!” అంటూ చేతిలోని తడిగుడ్డ విదిలించాడు. బురదనీళ్ళు తెరేసమ్మ గౌను మీద చింది పడ్డాయి.

తెరేసమ్మ ముక్కుపుటాలు అదిరాయి. నాన్న తిట్టడం ఒక ఎత్తు. ఈ పుల్లయ్య నవ్వడమేంటి? ఆయన ఎప్పుడూ ఇంతే. జామచెట్టెక్కితే అరుస్తాడు, కాలువగట్టున పరిగెత్తితే అరుస్తాడు. గౌను దులుపుకుని విసవిసా ఇంటి వెనక్కి వెళ్ళిపోయింది.

అక్కడ పంపు దగ్గర గుడి స్టాండ్లు ఆమె కోసం ఎదురు చూస్తున్నాయి. గుడిలో, అంటే చర్చిలో, పీఠం మీద కొవ్వొత్తులు పెట్టే ఇత్తడి స్టాండ్లు అవి. ప్రతి శనివారం వాటిని తోమే పని తెరేసమ్మది. ఆ పని కోసం పిల్లలు పోటీ పడితే, ఫాదర్ గారు ఏరి కోరి ఈ పిల్లకే ఇచ్చారు. నానబెట్టిన చింతపండు, చిటికెడు ఉప్పు, తెరేసమ్మ బొటనవేలు. ఈ మూడూ కలిస్తే ఎంత నల్లబడ్డ ఇత్తడైనా బంగారంలా మెరవాల్సిందే. బూడిద పెట్టి తోమేవాళ్ళంటే ఆమెకి చిన్నచూపు.

ఆ రోజు కోపమంతా స్టాండ్ల మీద చూపించింది. అరచేతులు ఎర్రబడ్డాయి. స్టాండ్లు ధగధగలాడాయి. గిన్నెలో చింతపండు ఇంకా మిగిలింది.

షెడ్డు వైపు చూసింది. నాన్న క్షవరానికి వెళ్ళాడు. పుల్లయ్య కారు కడగడం ముగించి, బకెట్టు బోర్లించి ఇంటికి పోయాడు. షెడ్డులో ఎవరూ లేరు.

‘అంట్లు తోముకోవాలా నేను? చూపిస్తా ఉండండి,’ అనుకుంది తెరేసమ్మ.

గిన్నె పట్టుకుని షెడ్డులోకి వెళ్ళింది. బానెట్ రేకు పైకెత్తింది. రెండు క్లిప్పులు తీసింది. టక్, టక్. నల్ల టోపీని వెనక్కి తిప్పి, ఇత్తడి ముక్కల మీద చింతపండూ ఉప్పూ పెట్టి వేలి కొసతో గట్టిగా రుద్దింది. నలుపు ఊడింది. లోపల చిట్టి దీపాలు పెట్టినట్టు నాలుగూ మెరిశాయి. తడిగుడ్డతో పైపైన తుడిచి, టోపీ మళ్ళీ పెట్టి, క్లిప్పులు బిగించింది.

రేపు నాన్న చూస్తాడు. చూసి నోరు తెరుస్తాడు. ‘ఎవరు చేశారే ఇంత పని?’ అంటాడు. అప్పుడు తీరిగ్గా చెప్పచ్చు.

సాయంత్రం గుడిలో పాపసంకీర్తనానికి వెళ్ళింది. అంటే, చేసిన తప్పులు ఫాదర్ గారి చెవిలో చెప్పుకోవడం. అమ్మకి తెలియకుండా బెల్లం తిన్నానని చెప్పింది. తమ్ముణ్ణి గిల్లానని చెప్పింది. కారు సంగతి చెప్పలేదు. అది తప్పయితే కదా చెప్పడానికి!

*

తెల్లారింది. ఆదివారం. తెరేసమ్మ గుడికి బయలుదేరుతోంది. అమ్మ అమలమ్మ ఆ పిల్లకి జడ వేస్తోంది.

“డాక్టరమ్మ గారూ! డాక్టరమ్మ గారో!”

పుల్లయ్య గొంతు. ఎప్పటిలా అరుపే గానీ, ఇది వేరే రకం అరుపు. తెరేసమ్మ సగం జడతోనే గుమ్మంలోకి పరిగెత్తింది.

పుల్లయ్య పక్కన ఆయన అల్లుడు సైకిలు పట్టుకుని రొప్పుతున్నాడు. గన్నవరం నుంచి తొక్కుకుంటూ వచ్చాడు. పంచె నిండా బురద.

“మా రావమ్మకి నొప్పులమ్మా. రెండో కాన్పే కదా, తేలిగ్గా అయిపోద్దిలే అనుకున్నాం. బిడ్డ అడ్డం తిరిగిందంట. నా వల్ల కాదని మంత్రసాని చేతులెత్తేసిందంట. మీరు రావాలమ్మా!”

రావమ్మ పుల్లయ్య ఒక్కగానొక్క కూతురు. డాక్టరమ్మ గారు అప్పటికే సంచి పట్టుకుని మెట్లు దిగుతున్నారు.

“శౌరయ్యా, బండి తియ్!”

శౌరయ్య స్టార్టర్ నొక్కాడు. కారు మూలిగింది. మళ్ళీ నొక్కాడు. మళ్ళీ మూలిగింది. దిగి, ముందుకొచ్చి, హ్యాండిల్ పెట్టి తిప్పాడు. తిప్పాడు, తిప్పాడు, చొక్కా తడిసి వీపుకి అంటుకుపోయేదాకా తిప్పాడు. ఊహూఁ.

బానెట్ ఎత్తాడు. క్లిప్పులు తీసి నల్ల టోపీ లోపల వేలు పెట్టాడు. చెమ్మగా తగిలింది.

మెల్లగా తల తిప్పి పుల్లయ్య వైపు చూశాడు.

“నీళ్ళు!” అన్నాడు. “డిస్ట్రిబ్యూటర్ లోకి నీళ్ళు పోయినయ్! బానెట్ మీద బకెట్టుతో కొట్టొద్దని ఎన్నిసార్లు మొత్తుకున్నానయ్యా నీకు? చెవులా అవి, చేటలా? నీ కూతురి కోసం వెళ్ళాల్సిన బండిని నీ చేత్తోనే ఆపుకున్నావు కదయ్యా!”

“పుల్లయ్యా, నీకు బుద్ధుందా?” డాక్టరమ్మ గారి గొంతు కూడా లేచింది. “ఒక పక్క ప్రాణం మీదికొస్తే ఇదా నువ్వు చేసిన నిర్వాకం?”

ఇంకో రోజైతే పుల్లయ్య ఊరుకునేవాడా? గవర్నర్‌పేటంతా వినపడేలా నోరు చేసుకునేవాడు.

“నేను ఇంజను మీద పొయ్యలా శౌరయ్యా...” అన్నాడు ఈ రోజు, నసుగుతూ. తన రెండు చేతులూ చూసుకున్నాడు. “పొయ్యలా. ఏమో మరి. పడ్డయ్యేమో.”

గుమ్మంలో తెరేసమ్మ అంతా విన్నది.

నిజం చెప్పద్దూ? మొదట ఆ పిల్లకి ‘బాగా అయింది!’ అనిపించింది. నిన్న బురదనీళ్ళు చల్లినందుకు, పకపకా నవ్వినందుకు బాగా అయింది. అంతలోనే నిన్నటి తడిగుడ్డ గుర్తొచ్చింది. చెమ్మ ఎక్కణ్ణుంచి వచ్చిందో తెలుసు కదా తనకి.

చెప్పాలి. చెబితే నాన్న వేళ్ళు విరగ్గొడతాడు. చెప్పకపోతే? నాన్న ఎలాగూ తుడిచేస్తాడు, కారు కదిలిపోతుంది. మళ్ళీ శనివారం ఫాదర్ గారి చెవిలో చెప్పేసుకుంటే సరిపోతుంది. అక్కడైతే చీకటిగా ఉంటుంది, ఎవరూ కొట్టరు. తెరేసమ్మ పెదాలు బిగించుకుని నిలబడింది.

శౌరయ్య పొడిగుడ్డ పెట్టి టోపీ లోపలంతా తుడిచాడు. క్లిప్పులు బిగించి హ్యాండిల్ తిప్పాడు. కారు ఖళ్ళున దగ్గింది. అందరి మొహాలూ వెలిగాయి. ఢామ్మని ఒక్క చప్పుడు చేసి కారు మళ్ళీ ఆగిపోయింది.

ఇంకోసారి తుడిచాడు, ఇంకోసారి తిప్పాడు. అదే దగ్గు, అదే ఢాం.

“ఆరింది కదా! తుడిచాను కదా! ఇంకేం రోగం దీనికి?” శౌరయ్య చక్రాన్ని ఒక్క తన్ను తన్నాడు. “కాయిల్ పోయిందో ఏమోనండీ డాక్టరమ్మ గారూ. అంతా విప్పి చూడాలి. మధ్యాహ్నం అవుతుంది.”

“మధ్యాహ్నమా? అప్పటిదాకా ఆ పిల్ల ఆగుతుందటయ్యా?” అని అరిచారు డాక్టరమ్మ గారు.

పుల్లయ్య తలగుడ్డ విప్పి మొహం తుడుచుకున్నాడు.

“జట్కా ఏదన్నా చూడండమ్మా. మా అల్లుడు దారి చూపిస్తాడు, మీరు ఎనకమాల రండి. నాకు సైకిలు రాదు, నేను నడుస్తా,” అన్నాడు. “దాని దగ్గరికి ఎవరో ఒకరం పోవాలి కదా.” ఎవరి జవాబు కోసమూ ఆగకుండా గేటు వైపు నడిచాడు.

గన్నవరానికి నడక. రోజూ పేటంతా అదరగొట్టే మనిషి, భుజాలు వేలాడేసుకుని, చెయ్యని తప్పు మోసుకుని పోతున్నాడు.

“చింతపండు!”

అందరూ వెనక్కి తిరిగారు. సగం జడతో, పిడికిళ్ళు బిగించుకుని, గుమ్మంలో తెరేసమ్మ. మొహం ఎర్రగా కందిపోయింది. తన మీద తనకే వచ్చిన కోపం అది. దాన్ని ఎటు విసరాలో తెలియక ఆ పిల్ల అరిచేసింది.

“నీళ్ళు కాదు నాన్నా, చింతపండు! ఉప్పు కూడా! నిన్న నేనే తోమాను. పుల్లయ్య బాబాయి ఏం చెయ్యలేదు!”

శౌరయ్య రెండంగల్లో ఆ పిల్ల ముందుకొచ్చాడు. చెయ్యెత్తాడు. తెరేసమ్మ కళ్ళు గట్టిగా మూసుకుంది గానీ అక్కణ్ణుంచి కదల్లేదు.

“శౌరయ్యా!” డాక్టరమ్మ గారు గద్దించారు. “కొట్టడాలూ తిట్టడాలూ తర్వాత. చింతపండయితే ఏం చెయ్యాలో అది చెప్పు ముందు!”

ఎత్తిన చెయ్యి గాల్లోనే ఆగిపోయింది. శౌరయ్య గబగబా వెనక్కి వెళ్ళి టోపీని వెలుతురుకి పట్టి చూశాడు. ఇత్తడి ముక్కల మొదట్లో, సందుల్లో, జిగురుగా సన్నటి పొర. వేలికి రాసుకుని నాలిక మీద పెట్టుకున్నాడు.

“ఛీ! పులుపూ ఉప్పూ!” అన్నాడు. “అందుకా! వట్టి నీళ్ళయితే తుడిస్తే పోతాయండీ. ఇది గుడ్డకి ఎక్కడ పోతుంది? కరెంటు ప్లగ్గుకి చేరకుండా ఈ ఉప్పు మీదుగా పాకిపోతోంది. వడ్డించేవాడి గరిటెకి చిల్లు పడ్డట్టే. దీన్ని స్పిరిటుతో కడగాలి.”

డాక్టరమ్మ గారు అప్పటికే సంచి తెరిచి స్పిరిటు సీసా, దూది బయటికి తీశారు.

శౌరయ్య దూది తడిపి లోపలికి దోపబోయాడు. ఆయన లావు వేళ్ళు ఆ సందుల్లోకి దూరలేదు. కూతురి వైపు గుర్రుగా చూశాడు.

“దా ఇటు. ఎక్కడెక్కడ పూశావో నీకే తెలుసు. నువ్వే తియ్యి.”

తెరేసమ్మ దూది అందుకుంది. ఒక్కో ఇత్తడి ముక్క చుట్టూ, ఒక్కో సందులోనూ తుడిచింది. కళ్ళు నిండిపోయాయి.

“ఏడవకు!” శౌరయ్య అరిచాడు. “అందులో పడితే మళ్ళీ ఉప్పే!”

తెరేసమ్మ ముక్కు ఎగబీల్చి, భుజానికి కళ్ళు తుడుచుకుని, మళ్ళీ పని చేసింది. కొత్త దూది తీసుకుంది. అది కూడా మాసింది. ఇంకోటి తీసుకుంది. అది తెల్లగానే బయటికి వచ్చింది.

“స్పిరిటు పూర్తిగా ఆరాలి. ఆరకుండా పెడితే మంటలొస్తాయి,” అన్నాడు శౌరయ్య.

కేకలు విని గేటు దగ్గరే ఆగిన పుల్లయ్య వెనక్కి వచ్చాడు. తలగుడ్డ రెండు చేతులా పట్టుకుని ఆ నల్ల టోపీకి విసరడం మొదలుపెట్టాడు. ఆయన విసురుతున్నంతసేపూ తెరేసమ్మ తల ఎత్తలేదు.

టోపీ ఆరింది. క్లిప్పులు పడ్డాయి. శౌరయ్య హ్యాండిల్ తిప్పాడు.

కారు దగ్గలేదు. గుర్రుమని ఒకేసారి అందుకుంది.

“ఎక్కు పుల్లయ్యా,” అన్నారు డాక్టరమ్మ గారు.

పుల్లయ్య తన కాళ్ళ వైపు చూసుకున్నాడు. రోజూ ఆ కారుని కడిగేదే ఆయన. లోపల ఒక్కసారి కూడా కూర్చోలేదు.

“ఎక్కవయ్యా! ఇంకా నిన్ను బతిమాలుతూ కూర్చోమంటావా?”

పుల్లయ్య ఎక్కాడు. శౌరయ్య గేరు వేస్తూ, ఆయన మొహం చూడకుండా, “నోరు జారాను పుల్లయ్యా. ఏమనుకోకు,” అన్నాడు. కారు ఏలూరు రోడ్డు వైపు బురద చిమ్ముకుంటూ వెళ్ళిపోయింది. అల్లుడు సైకిలెక్కి దాని వెనకాలే పడ్డాడు.

తెరేసమ్మ గుడికి ఆలస్యంగా వెళ్ళింది. చేతులింకా స్పిరిటు వాసన వేస్తున్నాయి. పీఠం మీద ఇత్తడి స్టాండ్లు ధగధగా మెరుస్తున్నాయి. ప్రతి ఆదివారం వాటిని చూసి మురిసిపోయే పిల్ల, ఈ రోజు వాటి వైపు చూడనేలేదు. పూజ అయ్యేదాకా ఒక్క రావమ్మ పేరే అనుకుంటూ కూర్చుంది.

*

ఎండ వాలుతుండగా సందు మొదట్లో కారు హారన్ మోగింది. కారు ఆగీ ఆగకముందే పుల్లయ్య దూకాడు.

“ఆడపిల్ల!” పేటంతా వినపడింది. “తల్లీ పిల్లా ఇద్దరూ గట్టిగా ఉన్నారు! ఏం గొంతండీ దానిది, చెవులు చిల్లులు పడినయ్!”

“తాత పోలిక,” అన్నాడు శౌరయ్య.

తెరేసమ్మ పరుగున వచ్చి పుల్లయ్య ముందు నిలబడింది.

“బాబాయి, నాన్న నిన్ను తిడుతుంటే నేను వెంటనే చెప్పలేదు. నాకు తెలిసే ఊరుకున్నాను.”

పుల్లయ్య నవ్వు ఆగిపోయింది.

“చూశాలే,” అన్నాడు. “నోరు మూసుకుని గుమ్మంలో నిలబడ్డావు. అక్కడ నా బిడ్డ ప్రాణాలు గుంజుకుపోతా ఉంటే, నువ్వు ఇక్కడ నోరు మూసుకున్నావు. తరవాత చెప్పావు, కాదనను. కానీ నాకింకా కోపం పోలా పిల్లా. ఇప్పుడప్పుడే పోదు.”

ఏదో ఒకటి తిట్టి ఊరుకుంటాడనుకుంది తెరేసమ్మ. ఈ మాటకంటే తిట్టి ఉంటేనే బాగుండేది. ఆ పిల్ల తలొంచుకుని, “సరే బాబాయి,” అంది.

శౌరయ్య ఆ రోజు కూతుర్ని కొట్టలేదు. “నేను పిలిచేదాకా షెడ్డు గడప తొక్కకు,” అన్నాడంతే.

తెరేసమ్మ తొక్కలేదు. శనివారాలు వస్తున్నాయి, పోతున్నాయి. పంపు దగ్గర స్టాండ్లు తోముకుంటూ, షెడ్డులోంచి వచ్చే చప్పుళ్ళు వినేది. టక్, టక్ అని క్లిప్పులు తీసిన చప్పుడు వచ్చినప్పుడల్లా ఆ పిల్ల చెయ్యి ఆగేది. కానీ లేచేది కాదు.

ఒక శనివారం, ఆ టక్, టక్ తర్వాత కేక వినపడింది.

“తెరేసా! దా ఇటు. నా వేళ్ళు దూరడంలేదు.”

తెరేసమ్మ ఒక్క గెంతున లేచింది. షెడ్డు గడప దాకా పరిగెత్తింది. అక్కడ టక్కున ఆగి చేతులు చూసుకుంది. మోచేతుల దాకా చింతపండు.

మళ్ళీ పంపు దగ్గరికి పరిగెత్తింది. సబ్బు పెట్టి చేతులు కడుక్కుంది. వాసన చూసుకుని మళ్ళీ కడుక్కుంది. దండెం మీది తువ్వాలు లాగి, వేళ్ళ సందులు కూడా పొడిగా తుడుచుకుంది.

గడప దగ్గర పుల్లయ్య బకెట్టుతో అడ్డంగా నిలబడి ఉన్నాడు.

“ఏదీ, చేతులు చూపించు!”

తెరేసమ్మకి చుర్రుమంది. పిలిచింది నాన్న. నాన్నే అడగలేదు, మధ్యలో ఈయనెవరు? ముక్కుపుటాలు అదిరాయి. నోటి దాకా వచ్చిన మాట మింగేసి, రెండు చేతులూ ముందుకి చాపింది.

పుల్లయ్య వాటిని అటు తిప్పి ఇటు తిప్పి చూశాడు. వంగి వాసన కూడా చూశాడు.

“పొడిగానే ఉన్నయ్. ఎల్లు,” అని బకెట్టు పక్కకి లాగి దారి ఇచ్చాడు.

తెరేసమ్మ లోపలికి వెళ్ళింది. బానెట్ కింద నల్ల టోపీ తెరిచి ఉంది. ఇత్తడి ముక్కలు మళ్ళీ నల్లబడ్డాయి. ఆ పిల్ల చేతులు వెనక్కి కట్టుకుంది.

“నాన్నా, దీన్ని దేంతో తుడవాలి?”